అరకు లేని విశాఖ: అమ్మతో మూడు రోజులు

విశాఖ వెళ్తున్నామని ఎవరికి చెప్పినా రెండో మాట ఒకటే: "అయితే అరకు ఎప్పుడు?" మా తమ్ముడు బెంగళూరు నుంచి పంపిన ఎక్సెల్ షీట్‌లో కూడా రెండో రోజు మొత్తం అరకే. మూడు రోజులకి పంతొమ్మిది చోట్లు రాశాడు, ప్రతిదాని పక్కనా నిమిషాలు కూడా. బొర్రా గుహలకి 50, కైలాసగిరికి 40, సింహాచలానికి మాత్రం 'క్యూని బట్టి'. అమ్మ ఆ షీట్ చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "వీడు మనల్ని ఊరు చూడమంటున్నాడా, హాజరు వేయించుకుని రమ్మంటున్నాడా?" అంది.

అమ్మకి అరవై ఎనిమిదేళ్లు. పుట్టి పెరిగింది అనకాపల్లిలో. పెళ్లయి హైదరాబాద్ వచ్చాక పుట్టింటి వాళ్లు ఒక్కొక్కరే ఊరు వదిలేశారు. పాతికేళ్లుగా అటువైపు వెళ్లే పని పడలేదు. ఈసారి ఆవిడ అడిగినవి మూడే. సముద్రం ఒడ్డున కూర్చుని ఏదైనా తినాలి. ఏటికొప్పాక వెళ్లి లక్కపిడతలు కొనాలి. మెట్లు తక్కువ ఉండాలి. నేను అడిగినవి రెండు: ఎర్రమట్టి దిబ్బలు, ఎండెక్కకముందు ఏదో ఒక కొండ. మిగతావి చాలావరకు కొట్టేశాను.

అరకు కొట్టేసినందుకు తమ్ముడు నొచ్చుకున్నాడు. అరకు బాగుండదని కాదు. విశాఖ నుంచి దాదాపు 115 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరే కిరండూల్ రైలు సొరంగాల మీద సొరంగాలు దాటుకుంటూ నాలుగు గంటలు ఎక్కుతుంది. ఆ ప్రయాణం కోసమే వెళ్లొచ్చు. కానీ వెళ్లి రావడానికే ఒక పగలంతా పోతుంది. అక్కడ దిగాక బొర్రా మెట్లు, కాఫీ, బొంగులో చికెన్ అంటూ పరుగెత్తి, చీకటి పడ్డాక నడుము పట్టుకుని విశాఖలో దిగాలి. అరకుకి విడిగా రెండు రోజులు, ఒక రాత్రి ఇవ్వాలి. మూడు రోజుల విశాఖలో దాన్ని కుక్కితే రెండూ చూసినట్టుండదు. ఇది నా అభిప్రాయమే, తమ్ముడు ఇప్పటికీ ఒప్పుకోడు.

ఎప్పుడు వెళ్లాలన్నది చేపలను బట్టి నిర్ణయించాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేటకి నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజుల్లో విశాఖ వెళ్లి చేపల పులుసు బాగాలేదంటే తప్పు ఊరిది కాదు. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి చెట్లని ఏం చేసిందో అక్కడి వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. సంక్రాంతి రద్దీ తగ్గాక జనవరి చివరి వారం అయితే రైలు టికెట్లు దొరుకుతాయి, చెమట పట్టదు, తేగలు కూడా ఉంటాయి. గురువారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, ఆదివారం సాయంత్రం మళ్లీ అదే బండి. రోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఏమీ పెట్టుకోకూడదు. ప్లాన్ మొత్తం అంతే, ఎక్సెల్‌లో నాలుగు వరసలు.

మొదటి రోజు, శుక్రవారం

బండి ఆరు కొట్టకముందే విశాఖ చేరింది. బీచ్ రోడ్డులో గది ముందే బుక్ చేశాం. గది పన్నెండుకి గానీ ఇవ్వనన్నాడు రిసెప్షన్ అబ్బాయి. 'సీ వ్యూ' అని రెండు వేలు ఎక్కువ కట్టాం. తర్వాత కిటికీ తెరిచి చూస్తే రెండు నీళ్ల ట్యాంకుల మధ్య నుంచి గజం వెడల్పున సముద్రం కనిపించింది. "ఉందిగా" అంది అమ్మ. సంచులు అక్కడే పడేసి, ముఖాలు కడుక్కుని, ఆటోలో ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాం.

తెల్లవారే వేళ చేపలరేవుకి వెళ్లమని ఎవరికైనా చెబుతాను, కొనకపోయినా సరే. రాత్రంతా వేటాడి వచ్చిన బోట్లు వరసగా నిలబడి ఉంటాయి. గంపలు దిగుతుంటాయి. కింద నేల మీదే కుప్పలు పోసి వేలం పాట. పాట పాడేవాడి నోట్లోంచి అంకెలు ఎంత వేగంగా వస్తాయంటే, ఎవరు ఎప్పుడు తలూపారో, కుప్ప ఎవరి పాలైందో మనకి అర్థమయ్యేలోపే ఆడవాళ్లు దాన్ని తట్టల్లోకి ఎత్తేస్తారు. కాళ్ల కింద ఐసు నీళ్లు. మంచి చెప్పులు వేసుకుని వెళ్లకండి.

అమ్మ అక్కడ మారిపోయింది. హైదరాబాద్‌లో చేపల దుకాణంలో 'వంజరం' అని బోర్డు చూసి కొనే మనిషి, ఇక్కడ గంపలోకి వంగి "కోనాం ఎలాగిస్తన్నావమ్మా?" అని అడిగింది. వంజరాన్ని ఇక్కడ కోనాం అంటారని అప్పుడే తెలిసింది నాకు. చందువలు, కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు, ఓ పక్క చాపలా పరిచిన టేకు చేప. ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపిస్తూ పేర్లు చెప్పింది. గంప ముందున్నావిడ కాసేపు చూసి, "ఏటమ్మా, పాఠం సెప్తన్నావా, కొంటావా?" అని నవ్వింది. హోటల్ గదిలో ఉన్నాం, వండుకోలేమని చెబితే, "మరైతే కాకులకి అడ్డం తప్పుకోండి" అంది. నిజంగానే మా వెనక కాకులు ఎదురుచూస్తున్నాయి.

టిఫిన్‌కి ఊళ్లోకి వచ్చాం. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ల కోసం చోడి అంబలి అమ్ముతారు. చోళ్లంటే రాగులు. మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ నంజుకుంటూ గ్లాసుడు తాగితే మళ్లీ ఆకలి గుర్తు రావడానికి రెండు గంటలు పడుతుంది. అది తెలిసి కూడా పక్కవీధిలో పెసరట్టు ఉప్మా తిన్నాను. అల్లం చట్నీలో బెల్లం కాస్త ముందుకి వచ్చింది. ఉత్తరాంధ్ర వంటలో బెల్లం ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. పక్కనే అనకాపల్లి లాంటి బెల్లం మార్కెట్ ఉన్నాక మొహమాటం ఎందుకు?

మధ్యాహ్నం నిద్ర. దీని గురించి చెప్పడానికి ఏమీ లేదు, చాలా బాగా పట్టింది.

నాలుగింటికి విశాఖ మ్యూజియం. బీచ్ రోడ్డు మీదే పాత డచ్చి బంగళాలో ఉంది, 1991లో తెరిచారు. జమీందార్ల కత్తులు, పటాలు, నౌకాదళం సామాను ఎలాగూ ఉంటాయి. నన్ను ఆపింది ఒక బాంబు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద వేసినవాటిలో పేలకుండా మిగిలింది. దాన్ని చూసి అమ్మ తన అమ్మ చెప్పిన కబురు చెప్పింది. బాంబులు పడ్డాయన్న మాట వినగానే విశాఖ జనం మూటలు కట్టుకుని పల్లెలకి పోయారట. అనకాపల్లిలో తెలిసిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒక చుట్టం దిగాడట. "యుద్ధం కంటే ఆ చుట్టాలకి వండలేక చచ్చానే అనేది అమ్మమ్మ."

కళ గురించి చూద్దామని వెళ్లిన నాకు అక్కడ వెలితి అనిపించిన సంగతి ఒకటుంది. 18వ శతాబ్దంలో ఈ ఊరి పనివాళ్లు చెక్కలో ఏనుగు దంతం పొదిగి పెట్టెలు, కుర్చీలు, రాతబల్లలు చేసేవారు. కంపెనీ దొరలు ఓడల్లో వేసుకుని పట్టుకుపోయారు. ఇవాళ 'విజగపటం' అనే పేరుతో అవి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. పాత సామాను వేలం వేసేవాళ్లకి ఈ ఊరి పేరు ఆ పెట్టెల వల్లే తెలుసు. ఊళ్లో మాత్రం ఆటో డ్రైవర్‌ని అడిగితే సబ్‌మెరైన్ దగ్గర దింపుతాడు.

సబ్‌మెరైన్ కూడా చూశాను, నేనొక్కదాన్నే. ఐఎన్ఎస్ కుర్సురా. సోవియట్ తయారీ, 1969లో నౌకాదళంలో చేరి 2001లో రిటైరై, 2002 నుంచి ఇసుక మీద కూర్చుంది. 91 మీటర్ల పొడవు. ఒక అర నుంచి ఇంకో అరలోకి గుండ్రటి కంతలోంచి కాలు ఎత్తి, నడుము వంచి దూరాలి. అమ్మ మోకాళ్లకి అది పనికిరాదు. టార్పెడోల పక్కనే మడత మంచాలు చూస్తే మన రైలు బెర్తు మహల్ అనిపిస్తుంది.

బయటికొచ్చేసరికి అమ్మ బీచ్ గోడ మీద కూర్చుని మురీ మిక్చర్ తింటోంది. హైదరాబాద్‌లో ముర్మురాలు, రాయలసీమలో బొరుగులు, కోస్తాలో మరమరాలు, ఇక్కడికొస్తే మురీలు. ఒరియావాళ్లు, బెంగాలీలు కూడా మురీ అనే అంటారు. తీరం వెంట ఆ మాట ఇక్కడిదాకా నడిచొచ్చింది. వేరుసెనగ గుళ్లు, ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి, నిమ్మకాయ పిండి, గిన్నెలో గరిటెతో టకటకలాడించి కాగితం పొట్లంలో పోసి ఇస్తారు. ఆ చప్పుడు అలల చప్పుడుతో పోటీ పడుతుంది. వెంటనే తినేయాలి, రెండు నిమిషాలు ఫొటోలు తీసుకుంటే మెత్తబడిపోతుంది. టమాటా బజ్జీ కూడా తిన్నాం, కాయని చీల్చి లోపల అదే మసాలా కూరి ఇచ్చారు. కానీ నా ఓటు మురీకే.

రెండో రోజు, శనివారం

ఈ రోజు కోసమే మేం వచ్చాం. పొద్దున ఆరున్నరకి రావలసిన కారు ఏడుంపావుకి వచ్చింది. డ్రైవర్ "ట్రాఫిక్ అండీ" అన్నాడు. ఆ టైములో రోడ్డు మీద కుక్కలు తప్ప ఎవరూ లేరు.

అనకాపల్లి పక్కనే శంకరం అనే ఊరు. అక్కడ బొజ్జన్నకొండ. బుద్ధుడి కొండే జనం నోట్లో బొజ్జన్నకొండ అయిందంటారు. శంకరం కూడా సంఘారామం నుంచి వచ్చిన పేరే. కొండరాతిలో తొలిచిన గుహలు, గుమ్మాల మీద కూర్చున్న బుద్ధులు, పైన రాతినే స్తూపంగా చెక్కిన గుండు, చుట్టూ ఇటుక కట్టడాల పునాదులు. నూరేళ్ల కిందట అలెగ్జాండర్ రీ అనే ఆయన తవ్వకాలు జరిపించాడు. పక్కనున్న కొండ మీద చిన్నా పెద్దా రాతి స్తూపాలు గుంపులు గుంపులుగా ఉంటాయి. దూరం నుంచి శివలింగాల్లా కనబడతాయని దానికి లింగాలకొండ అని పేరు పెట్టారు. బౌద్ధం పోయి వెయ్యేళ్లు దాటినా రాయి అలాగే ఉంది. చూసేవాళ్లు తమకి తెలిసిన దేవుడిని అందులో చూసుకున్నారు.

మెట్లున్నాయి. అమ్మ కింద చెట్టు కింద కూర్చుంటానంది. చిన్నప్పుడు కనుమ రోజు ఈ కొండకే తీర్థానికి వచ్చేవాళ్లమని, జీళ్లు కొనుక్కోవడం తప్ప బుద్ధుడి ముఖం ఎలా ఉంటుందో తనకి గుర్తే లేదని చెప్పింది. నేను పైకెక్కి ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి చూపించాను. పెద్దది చేసి చూసి, "ముక్కు అరిగిపోయింది పాపం" అంది.

అక్కడి నుంచి హైవే మీద ఎలమంచిలి దాటి, అడ్డరోడ్డు దగ్గర తిరిగితే ఏటికొప్పాక. విశాఖ నుంచి మొత్తం 64 కిలోమీటర్లు. వరాహ నది ఒడ్డున ఊరు, చుట్టూ చెరకు. బొమ్మల మ్యూజియమో షోరూమో ఎదురొస్తుందనుకుని వెళ్తే నిరాశపడతారు. ఇళ్లే కార్ఖానాలు. వీధిలో నడుస్తుంటే ఏ అరుగు మీంచి చెక్క గీరుతున్న చప్పుడు వినిపిస్తే ఆ అరుగే షోరూము.

మేం ఆగిన ఇంట్లో యాభై దాటిన ఆయన చిన్న మోటారు మరమీద బొంగరం తిప్పుతున్నాడు. "కూకోండమ్మా, ఇది దింపేసి మాటాడతాను" అన్నాడు చెయ్యి ఆపకుండా. తెల్లటి మెత్తటి కర్ర, అంకుడు. ఉలి ఆనించగానే రిబ్బన్‌లా పొట్టు లేస్తుంది. అంకుడు కర్రలో గట్టి చారలుండవు, అందుకే ఎటు తిప్పినా నున్నగా తెగుతుంది. ఆకారం వచ్చాక లక్క కడ్డీ తీశాడు. అదొక రంగు వేసిన లక్క ముద్ద, బిళ్లలా సాగదీసి ఆరబెట్టింది. తిరుగుతున్న కర్రకి దాన్ని నొక్కి పట్టాడు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి పట్టేసింది. బ్రష్షు లేదు, రంగు డబ్బా లేదు. చివర్న ఎండిన మొగలి ఆకు మడిచి ఆనించి రెండుసార్లు అటూ ఇటూ లాగాడు. అంతే, అద్దంలా మెరుపు వచ్చింది. మొత్తం ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అమ్మ నోరు తెరుచుకుని చూసింది, నేనూ అంతే.

రంగుల గురించి అడిగాను. పసుపుకి పసుపే. నారింజకి జాఫ్రా గింజలు. నీలానికి నీలిమందు. పసుపూ నీలమూ కలిపితే ఆకుపచ్చ. మధ్యలో కొన్నాళ్లు రసాయన రంగులు వచ్చి ఈ పద్ధతి దాదాపు మరుగున పడింది. ఇదే ఊరికి చెందిన సి.వి.రాజు చెట్ల రంగుల మీద పట్టుబట్టి పనిచేశాక మళ్లీ నిలబడింది. పిల్లలు బొమ్మ ఇవ్వగానే ముందు నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఇది అందచందాల విషయం మాత్రమే కాదు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. మూడో బహుమతి కూడా వచ్చింది.

"టీవీలో చూశాం. బాగుంది" అన్నాడు ఆయన. తర్వాత కాసేపాగి, "కర్ర దొరకడం లేదమ్మా" అన్నాడు. అంకుడు చెట్టు అడవిలో పెరిగేది. దగ్గర్లో ఉన్నవి అయిపోయాయి. దూరం నుంచి తెప్పించుకుంటే ఖర్చు. కుర్రాళ్లు ఫ్యాక్టరీ ఉద్యోగాలకి పోతున్నారు. ఇదంతా ఫిర్యాదులా చెప్పలేదు, ఎండ ఎక్కువైందన్నట్టు చెప్పాడు.

అమ్మ లక్కపిడతలు అడిగింది. పొయ్యి, కుండ, మూత, గరిటె, తిరగలి, రోలు, రోకలి, బిందె, చెంబు. బొటనవేలంత కుండకి సరిపోయే గోరంత మూత. పెళ్లయిన కొత్తలో తన లక్కపిడతల బుట్ట పుట్టింట్లోనే వదిలేసి వచ్చిందట. తర్వాత ఎవరి పిల్లలు ఆడుకుని పోగొట్టారో తెలియదు. ఒక సెట్ ముందు పెట్టుకుని ఒక్కో సామానూ ఎక్కడ పెట్టాలో సర్దుకుంటూ, "తిరగలికి పిడి ఏదీ?" అంది. నిజమే, లేదు. ఆయన నవ్వి, పక్కనున్న ముక్క తీసి, మర తిప్పి, అప్పటికప్పుడు గోరంత పిడి చేసి బిగించాడు. దానికి డబ్బు తీసుకోనన్నాడు. "పాతకాలం వాళ్లు తప్ప ఎవురూ అడగరు అది."

బేరం ఆడకూడదని నేను ముందే చెప్పి తీసుకెళ్లాను. అమ్మ ఆడింది. యాభై రూపాయలు తగ్గించి, వెళ్లేటప్పుడు ఆయన మనవడి చేతిలో వంద పెట్టింది. ఆవిడ లెక్కలు నాకు ఎప్పుడూ అర్థం కావు.

భోజనం అడ్డరోడ్డు దగ్గర, రేకుల కప్పు కింద, నాలుగు బల్లల చోట. పేరు బోర్డు కూడా లేదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, బెల్లం పులుసు, ముద్దపప్పు, నెత్తళ్ల వేపుడు. పనసపొట్టులో ఆవ ముక్కుకి తగిలేంత ఉండాలి, కన్నీళ్లు రాకూడదు. ఆ గీత మీద నిలబెట్టింది వండినావిడ. వేపుడు నెత్తళ్లు ముల్లుతో సహా కరకర నమిలేయడమే. నిన్న రాత్రి విశాఖలో ఏసీ హోటల్లో తిన్న రొయ్యల వేపుడుకి దీనికి నాలుగింతలు ఖరీదు, రుచిలో సగం లేదు. విశాఖ భోజనం గురించి నన్నడిగితే ఊరికి బయట తినమంటాను.

తిరుగు దారిలో అనకాపల్లిలో ఆగాం. అమ్మ వాళ్ల వీధి వెతికాం. ఇల్లు ఉన్న చోట మూడంతస్తుల అపార్ట్‌మెంటు, కింద మెడికల్ షాపు. ఆవిడ కారు దిగలేదు. "పోనీ పద, హల్వా కొందాం" అంది.

మాడుగుల హల్వా. మాడుగుల ఇదే జిల్లాలో లోపలికి ఉన్న ఊరు. వందేళ్లకి పైగా అక్కడ చేస్తున్న మిఠాయి, అనకాపల్లి దుకాణాల్లోనూ దొరుకుతుంది. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలని పులియనిచ్చి, తీపీ నెయ్యీ పోసి గంటలకొద్దీ కలియబెడతారు. పైన జీడిపప్పు. నోట్లో పెట్టుకుంటే నమిలే పని ఉండదు, జారిపోతుంది. రెండు కిలోలు తీసుకున్నాం. నెయ్యి తేలుతున్న డబ్బాని చూసి డ్రైవర్, "నిలబెట్టి ఉంచండమ్మా, పడుకోబెట్టకండి" అని హెచ్చరించాడు. ఆ మాట తర్వాత గుర్తొచ్చింది.

మూడో రోజు, ఆదివారం

ఐదున్నరకే బయల్దేరాం, భీమిలి వైపు. ఈసారి డ్రైవర్ ముందే వచ్చాడు.

ఎర్రమట్టి దిబ్బలు పేరుకి మట్టి గానీ నిజానికి ఇసుక. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి లోపలికి తెచ్చి పోసింది. అందులోని ఇనుము తుప్పు పట్టి రేణువులన్నీ ఎర్రబడ్డాయి. వాన నీళ్లు కోసుకుంటూ పోయి మనిషికి రెండింతలు, ఐదింతలు లోతున సందులు చేశాయి. మన దేశంలో ఇలాంటివి ఇంకెక్కడైనా ఉన్నాయంటే తమిళనాడు తీరంలోనే. దేశపు భూవారసత్వ స్థలాల్లో ఒకటి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది.

పొద్దున ఏటవాలు ఎండ తగిలినప్పుడు ఒకే గోడ మీద ఇటుక రంగు, కుంకుమ రంగు, మారేడు పండు లోపలి రంగు కనబడ్డాయి. నేను సందులోకి దిగి నడిచాను. బయట సముద్రం అంత దగ్గరున్నా లోపల అలల చప్పుడు వినబడదు. గోడలు పట్టుకుంటే పొడి రాలుతుంది. అయినా కుర్రాళ్లు రీల్స్ కోసం అంచుల మీదికి ఎక్కి గెంతుతున్నారు. ఒక్కో గెంతుకి దోసెడు దిబ్బ కిందకి జారుతోంది. వేల ఏళ్లు పట్టిన పని. నేను ఓ అబ్బాయిని దిగమన్నాను. "ఒక్క టేక్ ఆంటీ" అన్నాడు. ఆ 'ఆంటీ'తో సహా మింగేసి వచ్చేశాను.

అమ్మ రోడ్డు పక్కన తేగలు అమ్మే ఆవిడతో కబుర్లలో ఉంది. కాల్చిన తేగల కట్ట, పీచు లాగుతూ తినాలి. మధ్యలో చీల్చితే వచ్చే చందమామ కోసం చిన్నప్పుడు అక్కచెల్లెళ్లు కొట్టుకునేవాళ్లట. నాకు ఇచ్చింది ఆ చందమామే.

వెనక్కి వస్తూ తొట్లకొండ. కారు పైదాకా వెళ్తుంది కాబట్టి అమ్మకీ కుదిరింది. సముద్రానికి 128 మీటర్ల ఎత్తున, రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ ఆరామం. 1970లలో నౌకాదళం సర్వే చేసినప్పుడు బయటపడింది, తర్వాత తవ్వారు. రోమన్ వెండి నాణేలు దొరికాయంటే కింద తీరంలో ఏ ఓడలు ఆగేవో ఊహించుకోవచ్చు. ఇక్కడి కొండల పేర్లు నాకు ఇష్టం. రాతిలో తొలిచిన నీటి తొట్లు కనబడ్డ కొండ తొట్లకొండ, బావులున్నది బావికొండ, పావురాలు గూడు కట్టుకున్నది పావురాళ్లకొండ. మూడూ బౌద్ధ స్థలాలే. భిక్షువులు ఏ పేర్లతో పిలుచుకున్నారో గానీ, పశువులు కాసుకునేవాళ్లు చూసింది చూసినట్టు పెట్టిన పేర్లే నిలిచాయి. ఆ తొట్లలో ఇప్పటికీ వాన నీళ్లుంటాయి. ఉదయపు గాలిలో రాతి బల్ల మీద కూర్చుని హల్వా డబ్బా మొదటిసారి తెరిచాం. ఆరామంలో అల్పాహారం.

సాగర్‌నగర్ దగ్గర తాబేళ్ల గుడ్ల కోసం అటవీశాఖ వాళ్లు వేసిన కంచె చూపించాడు డ్రైవర్. ఈ నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్తాయి. కుక్కలు తవ్వకుండా వాటిని ఏరి తెచ్చి ఇక్కడ మళ్లీ పూడుస్తారు. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది, అంటే మేం చూడలేదు. మేం చూసింది కర్ర పుల్లలకి కట్టిన తారీఖుల చీటీలు మాత్రమే. ఇసుకలో నాటిన బడి హాజరు పట్టీలా ఉంది. మార్చిలో వచ్చేవాళ్లకి అదృష్టం ఉంటే దొరుకుతుంది.

కంబాలకొండ అడవిలో నడుద్దామనుకున్నాను గానీ ఆదివారం గేటు దగ్గరే కార్ల బారు చూసి వెనక్కి తిప్పించాను. సింహాచలం కూడా వెళ్లలేదు. అమ్మ మాత్రం కారులోంచే కొండవైపు తిరిగి దణ్ణం పెట్టి, "క్యూ లేకుండా అయిపోయింది" అంది.

మధ్యాహ్నం కోనాం పులుసు దొరికింది, డ్రైవర్ చూపించిన చోట. పులుసు నిన్నటిదా అని అడిగింది అమ్మ. అవునన్నాడు వడ్డించే అబ్బాయి కాస్త బెదురుగా. "అదే కావాలి" అంది. చేపల పులుసు మర్నాటికే ముక్కకి పడుతుందని తెలియని వాళ్లు తాజాది అడుగుతారు.

సాయంత్రం గోదావరిలో కింద బెర్తులు రెండూ మావే. అనకాపల్లి స్టేషన్‌లో బండి ఆగినంతసేపూ అమ్మ కిటికీకి ముఖం ఆనించి కూర్చుంది. కదిలాక సంచి తీసింది. హల్వా డబ్బా ఎప్పుడో పక్కకి ఒరిగింది. నెయ్యి కారి, కింద ఉన్న లక్కపిడతల అట్టపెట్టె తడిసి ముద్దయింది. నేను కంగారుపడ్డాను. ఆవిడ పడలేదు. పొయ్యి, కుండ, మూత, రోలు, రోకలి, పిడి ఉన్న తిరగలి, అన్నీ సీటు మీద వరసగా పెట్టుకుని, పాత తువ్వాలు చెంగుతో ఒక్కొక్కటే తుడిచింది. ఎదురు బెర్తులో నాలుగేళ్ల పిల్ల బుద్ధిగా కూర్చుని చూస్తోంది. తుని వచ్చేసరికి ఆ పిల్ల కిందకి దిగి, కుండ మీద మూత తీసి, "ఇందులో ఏం వండావు?" అని అడిగింది.

"కోనాం పులుసు" అంది అమ్మ. "నిన్నటిది."